నూనె తగిలిన తూటాలు

"మూడింటిలో ఏది మంచిదో నువ్వే చెప్పు మూర్తీ. నా వేళ్లకి చూపు తగ్గింది," అన్నాడు అబూ ఖాలిద్, తనకొచ్చిన హిందీలో. బల్ల మీద మూడు పరికరాలు పరిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

భానుమూర్తి వాటివైపు చూశాడు కానీ ముట్టుకోలేదు. ఏ వస్తువునైనా ముందు కళ్లతో తూచి ఆ తర్వాతే చేత్తో పట్టుకోవడం అతని అలవాటు. తణుకులో త్రాసులు బాగుచేసిన తండ్రి నేర్పిన అలవాటది. ఈ గల్ఫు దేశపు రేవు ఊరు హిద్‌లో అబూ ఖాలిద్ వర్క్‌షాపులో అతను చేసేదీ ఇంచుమించు అదే పని. షిప్‌యార్డు నుంచి వచ్చే ప్రెషర్ గేజీలు, లేబొరేటరీ త్రాసులు విప్పి, దిద్ది, ముల్లును సున్నా మీదికి తెచ్చి నిలబెట్టాలి. ఆ వర్క్‌షాపు యజమానే అతని కఫీలు, అంటే వీసాకి పూచీ ఉన్న మనిషి. పాస్‌పోర్టు ఆయన దగ్గరుంటుంది. జింజ్‌లోని ఫ్లాటు, భార్య విజయలక్ష్మి వీసా, అన్నీ ఆయన సంతకం మీదే నడుస్తున్నాయి.

అబూ ఖాలిద్ సైన్యంలో చేసి రిటైరైన మనిషి. ఆయనకి లైసెన్సున్న రివాల్వరు ఒకటుంది. శుక్రవారం పొద్దున్నే ఎడారిలోకి పోయి ఇసుక దిబ్బకి గురిపెట్టి కాలుస్తాడు. ఇంటి వంట తప్ప బయట తిననివాళ్లుంటారు చూడండి, తూటాల విషయంలో ఆయన ఆ రకం. కొన్న తూటా అంటే చిన్నచూపు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకుని ఇంట్లో ఒక గదిలో మళ్లీ నింపుకుంటాడు. తుపాకిమందు పోసేది ఆయనే, సీసపు గుండు బిగించేదీ ఆయనే. గొట్టం అడుగున టోపీ కూర్చోబెట్టే దగ్గరే ఈమధ్య ఆయన చెయ్యి తప్పుతోంది.

టోపీ అంటే కందిపప్పు బద్దంత ఉండే లోహపు గిన్నె. రివాల్వరు సుత్తి దాని మీద పడితే నిప్పు పుట్టి లోపలి మందుకి అంటుకుంటుంది. అది ఇత్తడి మట్టం కంటే వెంట్రుకవాసి లోపలికి కూర్చోవాలి. పైకి నిలిచిందా, రివాల్వరు చక్రం తిరగకుండా పట్టేస్తుంది. మరీ గట్టిగా నొక్కితే చేతిలోనే పేలవచ్చు. రివాల్వరు తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పరికరం గొట్టాన్ని పట్టుకునేది ఆ అంచు దగ్గరే. అంచు సరిగ్గా ఇమడకపోతే టోపీ వంకరగా దిగుతుంది.

బల్ల మీద ఉన్న టోపీ కూర్చోబెట్టే పరికరాల్లో మొదటిది బల్లకి బిగించే రకం. పొడవాటి చెయ్యి ఉంటుంది, లాగితే దిగిపోతుంది. రెండోది చేత్తో పట్టుకునేది. దాని నెత్తిన గుండ్రటి పళ్లెం ఉంది. పళ్లెంలో టోపీలు పోసి ఆడిస్తే అవే వరసకట్టి ఒకటొకటే జారుతాయి. మూడోది పాతకాలపుది. ఒక్కో టోపీని వేళ్లతో తీసి చిన్న గుంటలో పెట్టి, గొట్టాన్ని పైన దూర్చి, పిడి పిండాలి.

భానుమూర్తి వారం రోజులు వాటితో గడిపాడు. కాల్చేసిన పాత టోపీలు పెట్టి మూడింటినీ ప్రయత్నించాడు. బల్లకి బిగించినది ఎంత బలంతో నొక్కుతోందో చేతికి తెలియనివ్వదు. అది అతనికి నచ్చలేదు. నచ్చకపోవడంలో వేరే సంగతి కూడా ఉందని అతనికి తెలుసు. ఆ పరికరంతో పనిచేస్తే తప్పు జరిగినా పరికరం మీదికి నెట్టేయవచ్చు. అలా నెట్టేయాలనే కోరిక తనలో ఉండటమే అతన్ని ఇబ్బందిపెట్టింది. మనసులో ఇలాంటి చిన్నచిన్న కదలికల్ని గమనిస్తూ కూర్చోవడం అతనికి ఒక రోగంలా పట్టుకుంది. నలుగురిలో ఉన్నా ఒంటరిగా ఉండేవాడు. ఉన్నంతసేపూ తనకి తానే కాపలా.

"ఇది," అని మూడోదాన్ని చేతికిచ్చాడు చివరికి.

"పళ్లెం ఉన్నది ఎందుకు కాదు? గంటలో అయిపోతుంది కదా."

"పళ్లెంలో ఒకటి పేలితే పక్కనున్నవన్నీ పేలతాయి సార్. ఇందులో ఎప్పుడూ ఒకటే ఉంటుంది."

అబూ ఖాలిద్ నవ్వాడు. "భయస్తుడివి. మంచిదే. భయస్తుడి చేతి పని బాగుంటుంది. పని నువ్వే చేసిపెట్టు. ఒక్కటి గుర్తుంచుకో, వాటికి నూనె చేతులు తగలకూడదు. నూనె తగిలితే టోపీ చచ్చిపోతుంది. సగం చచ్చినది ఇంకా చెడ్డది."

సగం చచ్చినదంటే ఏమిటో ఆయనే విడమరిచి చెప్పాడు. టోపీ తుస్సుమని, మందు అంటుకోకపోతే, గుండు బయటికి రాకుండా రివాల్వరు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. కాల్చేవాడికి తెలియదు. తర్వాతి తూటా వెళ్లి దాన్ని గుద్దుతుంది. అప్పుడు రివాల్వరే పేలుతుంది.

పరికరంలో అంచు పట్టుకునే బిళ్ల కాస్త బిగుతుగా ఉంది. ఆకురాయితో రెండు పట్లు పట్టాలని భానుమూర్తి దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు.

ఆ వారంలోనే దసరా. మంగళవారం పడింది. సెలవు లేదు కాబట్టి విజయలక్ష్మి పొద్దున్నే అన్నీ సర్దింది. అలమరలో మధ్య అరలో అమ్మవారి పటం. దాని ముందు అతని స్క్రూడ్రైవర్ల పెట్టె, వెర్నియరు, చిమటాలు, ఆకురాళ్లు. ఒక్కోదానికీ కుంకుమ బొట్టు. మామగారి ఇంట్లో చేసినట్టే ప్రతి పనిముట్టు కీలులోనూ ఒక చుక్క నువ్వులనూనె. ఆ రోజు పనిముట్లు ముట్టుకోకూడదు. మర్నాడు తుడిచి తీసుకోవాలి. భానుమూర్తి ఆ రోజు వర్క్‌షాపులో పరాయి పనిముట్లతో పనిచేసి వచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి, పరికరం తీసుకుపోదామని అర దగ్గరికి వెళ్తే, అక్కడ దానికీ బొట్టుంది.

"దీన్నెందుకు పెట్టావు?"

"మీ పనిముట్టు కాదా? కొత్తది కదా అని ముందు దానికే పెట్టాను. ఈ గుంట చూడండి, ప్రమిదలా ఎంత ముద్దుగా ఉందో. ఒక చుక్క వేస్తే నిండిపోయింది."

ఆమె ముఖం సంతోషంతో వెలుగుతోంది. గుడ్డతో తుడిచాడు. అగ్గిపుల్లకి దూది చుట్టి గుంటలో తిప్పాడు. బిళ్ల కింద ఏముందో విప్పి చూడాలి. విప్పితే ఆలస్యమవుతుంది. బయట డ్రైవరు తాహెర్ హారన్ కొడుతున్నాడు.

ఆ రోజు పొద్దున్నే ఇంకో సంగతి జరిగింది. తమ్ముడి పెళ్లికి వెళ్లాలి, పాస్‌పోర్టు కావాలని భానుమూర్తి అడిగాడు. షిప్‌యార్డు పని అయ్యేదాకా కుదరదన్నాడు అబూ ఖాలిద్. కోపంగా అనలేదు, ఫోను తిప్పుతూ అన్నాడు. భానుమూర్తి "సరే సార్" అన్నాడు. తనకి కోపం వచ్చినట్టు కూడా అతనికి తోచలేదు. ముల్లు సున్నా మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం అబూ ఖాలిద్ ఇంట్లో, తూటాలు నింపే గదిలో కూర్చుని భానుమూర్తి మొదటి టోపీ పెట్టి పిడి పిండాడు. ఇంకోటి. ఇంకోటి. అరచేతి వేడికి పరికరం కాస్త వెచ్చబడ్డాక వాసన వచ్చింది. నువ్వులనూనె వాసన. పలచగా, అయినా పొరపడటానికి వీల్లేనంత స్పష్టంగా.

అతని చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది.

ఆగడానికీ కదలడానికీ మధ్య ఏం జరిగింది? తర్వాత అతను దాని గురించే ఆలోచించాడు. ఆ సందులో ఏదో ఒక మాట ఉండి ఉండాలి. "చుక్కే కదా" అనో, "తుడిచాను కదా" అనో. ఎంత వెతికినా మాట ఏదీ దొరకలేదు. దొరికింది ఒక చల్లదనం. ఎవరో తన తరఫున నిర్ణయం తీసుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయినట్టు. అతను పెట్టె ఖాళీ అయ్యేదాకా పనిచేశాడు. టోపీలు పెట్టిన గొట్టాలన్నీ ఒకే డబ్బాలో పోశాడు. మొదట చేసినవేవో చివర చేసినవేవో ఇక తేల్చలేనట్టు కలిసిపోయాయి. మర్నాడు అబూ ఖాలిద్ వాటిలో మందు పోసి గుండ్లు బిగించి, తూటా ఒకటి వెలుతురులో తిప్పి చూసి, "జైన్, జైన్," అని మెచ్చుకున్నాడు.

గురువారం సాయంత్రం డ్యూటీ దిగాక తాహెర్ అతన్ని జింజ్‌కి దిగబెట్టడానికి బయల్దేరాడు. తాహెర్‌ది జగిత్యాల. ఇద్దరూ ఒకే కఫీలు కింద, ఒకే కారులో, రోజూ అరగంట తెలుగు మాట్లాడుకునే మనుషులు. మాట్లాడేది ఎక్కువగా తాహెరే.

"అన్నా, నువ్వు చేసిన తూటాలు రేపు నేనే షురూ చేస్త. ఎర్కేనా?"

"నువ్వా?"

"మరి? కొత్త తూటాలైతే మొదలు నాతోటే కాల్పిస్తడు ముసలాయన. తాహెర్ చెయ్యి మంచిదంటడు. మా ఊర్ల తుపాకి ముట్టుకుంటె పోలీసోళ్లు గుంజుకపోతరు. ఈడికొస్తె షేకే చేతుల వెడ్తుండు. నసీబు జూడు!" అని స్టీరింగు మీద చప్పట్లు కొట్టినట్టు దరువేశాడు.

"ఎప్పటినుంచి?"

"ఎప్పటిసంది ఏంది, ఎప్పుడూ అంతే. మొన్నొకసారి మా ఇంట్ల ఆమె షకీలాకు ఫోన్ల చెప్పిన. 'అరే, నీకు కాల్చనీకి మనుషులు దొరుకుతలేరా, ఇసుక మీద కాలుస్తున్నవ్' అని నవ్వుతది. మా షకీలా నోరు అట్లాంటిది."

భానుమూర్తి కిటికీలోంచి బయటికి చూశాడు. సముద్రం మీద వంతెన, దాని పక్కన వరసగా దీపాలు. ఇప్పుడు చెప్పాలి. నోట్లో మాటలు తయారుగానే ఉన్నాయి. "తాహెర్, రేపు నువ్వు కాల్చకు." ఎందుకని అడుగుతాడు. నూనె అని చెప్పాలి. తాహెర్ పొట్టలో మాట దాగదు, వెంటనే ముసలాయనకి చేరుతుంది. నూనె ఎక్కడిదని ఆయన అడుగుతాడు. మా ఆవిడ పూజ చేసింది. నా పరికరాన్ని నీ పటం ముందు పెట్టి పూజ చేశారా? తుడవలేదా? తుడిచాను. మరి తెలిసి కూడా ఎందుకు చేశావు? ఈ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అతను మళ్లీ మొదటి ప్రశ్నకి వెళ్లిపోయాడు. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి.

"ఏందన్నా, నిద్రొస్తుందా?"

"లేదు. తలనొప్పి."

"ఇంట్ల గోలీ ఏసుకో. రేపు జుమ్మా, పండుకో మంచిగ."

ఇంటికి వెళ్లాక విజయలక్ష్మిని అడిగాడు, ఆ గుంటలో ఎంత నూనె పోశావని.

"చుక్క అన్నాను కదండీ. ఏం, పాడైందా?"

"ఏమీ లేదు."

"అమ్మవారి ముందు పెట్టినదానికి ఏమవుతుంది?" అని నవ్వి వంటింట్లోకి వెళ్లింది. ఆమె మీద అరవాలనిపించింది. అరిస్తే బరువు చేతులు మారుతుంది. ఆ సంగతి తెలిసిపోవడంతో అరిచే వీలు కూడా పోయింది. తన మనసు తనకి ఇంత కనిపిస్తూ ఉండి, ఇంత పనికిరాకుండా ఎలా ఉందో అతనికి అర్థం కాలేదు.

పడుకోబోయే ముందు ఒక ఉపాయం తట్టింది. రేపు తనే ముందు కాలుస్తాడు. చేసిన చెయ్యే అనుభవిస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అది ధైర్యమనిపించింది. ఆ తృప్తితోనే నిద్రపట్టింది.

పొద్దున కారులో తననీ ఎక్కించుకోమంటే తాహెర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇన్నేండ్లకు అన్నకు బుద్ధొచ్చింది! ఎప్పుడూ ఇంట్లనే కూసుండుడు, ఏం జీవితమన్నా అది." అబూ ఖాలిద్ కూడా సంతోషించాడు. ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి, తన పడుచు రోజుల కవాతు కథ ఒకటి చెప్పాడు. వెనక సీట్లో భానుమూర్తి పక్కన తూటాల డబ్బా ఉంది. కారు కుదుపుకి అది గలగలమన్నప్పుడల్లా అతను దాని మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

దిబ్బ దగ్గర ముగ్గురే. చమురు గొట్టాలు దూరంగా ఎడారిని గీతల్లా కోస్తున్నాయి. తాహెర్ పరుగున వెళ్లి చెక్క మీద కాగితం అంటించి వచ్చి, రివాల్వరు కోసం చెయ్యి చాపాడు.

"సార్, నేను కాలుస్తాను ముందు," అన్నాడు భానుమూర్తి. "చేసింది నేను కదా."

అబూ ఖాలిద్ కనుబొమలు ఎగరేశాడు. "భయస్తుడు! జరుగు తాహెర్, జరుగు." ఆయనే వెనక నిలబడి భుజాలు సర్ది, వేలు ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆయన చెయ్యి వెచ్చగా, తండ్రి చెయ్యిలా ఉంది. ఆ వెచ్చదనం భానుమూర్తిని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

మొదటి తూటా పేలింది. చెయ్యి పైకెగిరింది. ఇసుక లేచింది. రెండోదీ అంతే. తాహెర్ ఈలవేశాడు. "అన్నా, కాగితం అటుపక్కకున్నది!"

మూడోసారి పేలలేదు. చిన్నగా, ఎవరో చేత్తో నోరు మూసుకుని దగ్గినట్టు చప్పుడైంది. చెయ్యి కదల్లేదు. ఇసుక లేవలేదు.

"పోయింది, పర్లేదు. మళ్లీ నొక్కు. యల్లా!" అన్నాడు అబూ ఖాలిద్. వినికిడి తగ్గిన మనిషి, పైగా చెవుల్లో దూది. తేడా ఆయనకి తెలియలేదు.

"నొక్కన్నా, నొక్కు!" తాహెర్ నవ్వుతున్నాడు.

భానుమూర్తి వేలు మీట మీదే ఉంది. రివాల్వరు గొట్టంలో గుండు ఎక్కడ ఆగిందో అతనికి కళ్లెదుట ఉన్నంత స్పష్టంగా తెలుస్తోంది. ఇప్పుడు నొక్కితే చేసిన చెయ్యే అనుభవిస్తుంది, ఎవరూ ఏమీ అడగరు. రాత్రి తను ధైర్యమనుకున్నది ఇదే. చెయ్యి పోయినా సరే కానీ నోరు విప్పకూడదనుకున్నాడు, అంతే. పక్కనే, అడుగు దూరంలో, తాహెర్ మెడ సాచి రివాల్వరు వైపే చూస్తున్నాడు. పేలితే ముక్కలు ఒక్కడినే వెతుక్కుంటూ రావు. ఆ సంగతి రాత్రి తట్టనే లేదు.

"వెనక్కి పో," అన్నాడు తాహెర్‌తో. వేలు తీసి, గొట్టం నేలవైపు వంచి, రివాల్వరుని ఇసుకలో పెట్టాడు. "ఖలాస్ సార్. గుండు లోపలే ఉంది."

అబూ ఖాలిద్ నవ్వు ఆపేశాడు. రివాల్వరు తీసి, చక్రం పక్కకి తెరిచి, తూటాలు దులిపి, గొట్టంలోంచి ఆకాశంవైపు చూశాడు. ఆకాశం కనిపించలేదు. కారులోంచి కడ్డీ తెమ్మన్నాడు. తాహెర్ తెచ్చి, ఆయన పట్టుకుంటే, మెల్లగా కొట్టాడు. సీసపు గుండు ఇసుకలో పడింది.

"నూనె," అన్నాడు భానుమూర్తి, ఎవరూ అడగకముందే. పూజ సంగతి చెప్పాడు. గుంట సంగతి, తుడిచిన సంగతి చెప్పాడు. పొట్టిపొట్టి హిందీ వాక్యాల్లో, తప్పులతో. భార్య పేరు ఎత్తలేదు, "మా ఇంట్లో" అన్నాడు.

పూజ మాట వచ్చినప్పుడు ఆయన ముఖం మారుతుందేమోనని చూశాడు. మారలేదు. ఆయన అడిగింది వేరే.

"టోపీలు పెడుతున్నప్పుడు నీకు తెలుసా?"

"వాసన వచ్చింది సార్."

పాస్‌పోర్టు సంగతి ఆయనకి గుర్తొచ్చిందో లేదో తెలియలేదు. డబ్బా మూత బిగించి తాహెర్‌కి ఇచ్చి, నీళ్లలో నానబెట్టమని చెప్పి, వెళ్లి కారులో కూర్చున్నాడు.

తిరుగు దారి పట్టారు. ఊరు దగ్గరపడుతుండగా తాహెర్ అద్దంలో అతని కళ్లలోకి చూస్తూ తెలుగులో అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు, కోపం కూడా ఇంకా రాలేదు.

"నిన్న నేనే కాలుస్త అని కార్ల చెప్పిన గదా. అప్పటికే నీకెర్కనేనా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంది?"

"ఏమంటున్నాడు?" అని అడిగాడు అబూ ఖాలిద్.

మామూలుగానైతే భానుమూర్తి అబద్ధం చెప్పేవాడే. "నిన్న తనకెందుకు చెప్పలేదని అడుగుతున్నాడు సార్."

"అడగాల్సిందే. చెప్పు అతనికి," అని ఆయన ముందుకి తిరిగిపోయాడు.

భానుమూర్తి హిందీలో మొదలుపెట్టి ఆపేశాడు. జవాబు ఆయనకి కాదు. తెలుగులో వెతికాడు. భయమేసిందనవచ్చు. అది నిజమే, కానీ అందులో తాహెర్ లేడు.

"చెప్తే ఆయన దాకా వెళ్తుందనుకున్నాను. నా ఉద్యోగం పోతుందనుకున్నాను. నీ చెయ్యి సంగతి దాని తర్వాత వచ్చింది తాహెర్. అదే నిజం."

తాహెర్ కారు పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. దిగి, డిక్కీలోంచి నీళ్ల సీసా తీసి ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత రోడ్డుకి వీపు పెట్టి, కుడిచేతిని ఒకసారి తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూసుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. ముందు సీట్లో అబూ ఖాలిద్ హారన్ వైపు చెయ్యి చాపలేదు, యల్లా అనలేదు. కఫీలు తన డ్రైవరు కోసం కదలకుండా కూర్చున్నాడు.

భానుమూర్తి దిగి తాహెర్ దగ్గరికి వెళ్లాలనుకున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. దిగితే ఏమంటాడో అతనికి తెలియదు, అయినా పిడి లాగాడు.